మేనరికము: రెండు ప్రతుల కథ

తుకుములో స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఆడపిల్ల చదువు ముగింపునకు వచ్చుసరికి ఇంటింటను ఒకటే ప్రశ్న బయలుదేరును: సంబంధము ఎక్కడ చూడవలెను? చాందాలో (మా పెద్దలు చంద్రపురమును నేటికిని చాందా యనియే పిలుతురు) మన భాష మాటాడుచు, మన యాచారము లెరిగి, వరుసకు సరిపడు ఇండ్లు వ్రేళ్ళమీద లెక్కింపదగినన్ని మాత్రమే. వార్ధా నది దాటి ఆసిఫాబాదు, మంచిర్యాల, కరీంనగరముల వైపు వెదకుదమన్నచో, మరాఠీ బడిలో చదివి, తెలుగు మాటాడుటయే కాని వ్రాయుట రాని మన పిల్లలనిన అక్కడివారికి కొంత జంకు. అందుచేత కడకు చూపు ఇంటిలోనికే తిరుగును. మేనమామ కొడుకో, మేనత్త కొడుకో, ఒక్కొక్కయెడ మేనమామయే వరుడగును.

ఈ యాచారమును హేళన చేయువారిలో నేను చేరను. బొగ్గుగనులకును, బల్లార్‌పూరు కాగితపు మిల్లునకును, వర్తకమునకును వచ్చి పరభాషా ప్రాంతమున నిలదొక్కుకొన్న మన పెద్దలకు మేనరికము ఒక ఊతకఱ్ఱ. పిల్లకు అత్తవారిల్లు పరాయిది కాదు. అత్త యనగా తండ్రి తోబుట్టువే గదా. కట్నకానుకల బేరము తక్కువ. ఇంటిలో తెలుగు నిలుచును. మా అమ్మ తన మేనమామనే పెండ్లాడెను. ఆ యింట మాకు ప్రేమకు కొరత యెన్నడును లేదు. అయినను, ముప్పది యేండ్లు బడిలో విజ్ఞానశాస్త్రము బోధించినవాడను కనుక, ఆ యాచారము వెనుక మన శరీరములలో జరుగుచుండు లెక్క యొకటి చదువరుల ముందుంచవలెనని చాలకాలముగా అనుకొనుచున్నాను.

లెక్కకు ముందు ఒక పులుల కథ. మా తుకుము మీదుగా పోవు బాట తాడోబా అడవికి పోవును. ఆ యడవి నుండి 2024వ సంవత్సరమున యమున, జీనత్ అను రెండు ఆడపులులను అటవీశాఖవారు ఒరిస్సాలోని సిమిలిపాల్ అడవికి తరలించిరి. కారణమేమనగా, సిమిలిపాల్ పులులు చిరకాలముగా ఇతర అడవుల పులులతో సంబంధము లేక, తమలో తామే జతకట్టుచు వచ్చినవి. అందువలన అక్కడ నల్లని చారలు ఒండొంటితో కలిసిపోయి, దేహమంతయు నలుపు తిరిగిన పులులు పుట్టుచున్నవి. దీనికి మూలము ఒకానొక జన్యువులో ఒక్క అక్షరము మారుటయేనని 2021లో బెంగుళూరు శాస్త్రజ్ఞులు తేల్చిరి. నలుపు వలన పులికి చేటు కలుగునో లేదో యటుంచుడు. ఆ నలుపు బయటపడినంత సులువుగా చేటు కలిగించు దోషములును బయటపడవచ్చును గదా యని క్రొత్త రక్తమునకై తాడోబా వైపు చూచిరి. జీనత్ అను క్రొత్తకోడలు అత్తవారింట నిలువక, జార్ఖండ్ దాటి బెంగాలులోని బాంకుడా వరకు నడచిపోగా, డిసెంబరు 29వ తేదీన మత్తుమందిచ్చి పట్టుకొని మరల కాపురమునకు పంపిరి. పులులకు దూరపు సంబంధములు వెదకుచున్న ఊరిలో నివసించుచు మనము మాత్రము రెండిండ్ల నడుమనే పిల్లలను ఇచ్చిపుచ్చుకొనుచున్నాము.

ఇప్పుడు అసలు విషయము. మన శరీరమందలి ప్రతి కణములోను డి.ఎన్.ఏ. అను దారము కలదు. ఒక్క కణములోని దారమును సాగదీసినచో సుమారు రెండు మీటర్ల పొడవుండును. అది కంటికి కానరాని కేంద్రకములో ఇముడవలెను. ఎట్లు ఇముడును? తాళపత్ర గ్రంథములను మన పూర్వులు కట్టిన తీరు జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఆకులకు రంధ్రము చేసి, సూత్రము గ్రుచ్చి, పైన చెక్కలుంచి బిగించి కట్టెడివారు. ఇక్కడ దారము హిస్టోనులను చిన్న మాంసకృత్తు ఉండలకు చుట్టుకొని, ఆ చుట్టలు మరల ముడుచుకొని, 46 కట్టలుగా అమరియుండును. ఈ కట్టలనే క్రోమోసోములందురు. కట్ట బిగించియున్నచోట చదువుట సాధ్యము కాదు, విప్పినచోటనే చదువుదురు. కంటిలోని కణమునకును, కాలేయములోని కణమునకును గ్రంథమొక్కటే; ఏ యాకులు విప్పియున్నవి, ఏవి బిగించియున్నవి యనుటలోనే భేదము.

ఈ గ్రంథము ప్రతివారియందును రెండు ప్రతులుగా నుండును: తండ్రినుండి యొకటి, తల్లినుండి యొకటి. నేను చెప్పబోవు సమస్తమును ఈ రెండు ప్రతుల మీదనే ఆధారపడియున్నది.

వ్రాతప్రతి యన్న తరువాత దెబ్బ తినక తప్పదు. మా చాందా యెండ సంగతి చెప్పనక్కరలేదు. ఎండలోని అతినీల కిరణములు చర్మకణములలో ప్రక్కప్రక్కనున్న రెండక్షరములను అతికించివేయును. బొగ్గుపొగలోని బెంజోపైరీను అను పదార్థము శరీరములో మార్పుచెంది అక్షరములకు అంటుకొనును. విద్యుత్కేంద్రము, గనులు చుట్టుముట్టిన ఈ యూరు 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రకటించిన అతి కలుషిత ప్రాంతముల జాబితా కెక్కినదన్న మాట ఇక్కడివారు మరువలేదు. పొగ లేకున్నను, కణములోని నీరు, ప్రాణవాయువు సైతము దినమునకు వేలకొలది దెబ్బలు వేయుచునే యుండును. వీనిని ఎప్పటికప్పుడు సరిదిద్దు ఎంజైములు కలవు. దారము రెండు పేటలది కనుక ఒక పేట చెడిన యెడల ఎదుటి పేటను చూచి దిద్దవచ్చును. ఈ మరమ్మతు తీరును కనుగొన్న లిండాల్, మోడ్రిచ్, సంజార్ అను ముగ్గురికి 2015లో రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము లభించెను.

దిద్దుబాటుకు చిక్కని తప్పులు కొన్ని మిగులును. అవి బీజకణములో మిగిలినచో బిడ్డకు సంక్రమించును. ప్రతి శిశువులోను తల్లిదండ్రులలో లేని క్రొత్త మార్పులు 60, 70 వరకు నుండునని లెక్కవేసిరి. అందులో హెచ్చుభాగము హానిలేనివి. అరుదుగా నొకటి జన్యువును పాడుచేయును. అయినను రెండవ ప్రతి సరిగానున్నంత కాలము పని నడచిపోవును. ఆ తప్పు ఎవరికిని కనబడక తరతరములు దాగియుండును. ఇట్టి దాగిన తప్పులు కొన్ని లేని మనుష్యుడు లేడు. రాజైనను, పండితుడైనను అంతే.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర మచిలీపట్టణములోను కడపలోను పండితులను కూర్చుండబెట్టి తెలుగు గ్రంథములను పరిష్కరింపించిన సంగతి మనకు తెలిసినదే. ఆయన ఒక్క కావ్యమునకు నానాచోట్లనుండి పెక్కు ప్రతులు తెప్పించెడివాడు. ఏల? ఒక వ్రాయసకాడు జారవిడిచిన మాటను వేరొక యూరి ప్రతిలో చూచి పూరింపవచ్చును. కాని తెచ్చిన రెండు ప్రతులును ఒకే మాతృకను చూచి వ్రాసినవైనచో, మాతృకలోని తప్పు రెంటిలోను ఉండును. ఎంతటి పండితుడైనను చేయగలిగినది లేదు. మేనరికములోని చిక్కు సరిగా ఇదియే.

తాతయందో అమ్మమ్మయందో ఒక ప్రతిలో ఒక తప్పు దాగియున్నదనుకొందము. వారి కొడుకు బిడ్డను, కూతురు కొడుకును కలిపినచో, పుట్టబోవు శిశువునకు ఆ తప్పు రెండు వైపులనుండి చేరు అవకాశము అరువది నాలుగింట ఒకటి. మేనమామకే ఇచ్చినచో అది ముప్పది రెండింట ఒకటి యగును. ఇది ఒక్క తప్పునకు మాత్రమే. దాగినవి ఎన్నియున్న నన్నిమార్లు ఈ లెక్క వేసికొనవలెను. అయినను భయపెట్టుట నా యుద్దేశము కాదు. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డు పట్టణమున పదునొకండు వేలకు పైగా శిశువులను గమనించి 2013లో ప్రకటించిన ఫలితములనుబట్టి, దగ్గర చుట్టరికపు దంపతుల బిడ్డలలో పుట్టుకతో వచ్చు లోపములు నూటికి మూడు నుండి ఆరునకు పెరిగినవి. అనగా రెట్టింపు, అనగా నూటికి తొంబదినలుగురు బిడ్డలు క్షేమమే. మేనరికమును వెనకవేసికొని వచ్చువారు రెండవ మాటను, దూషించువారు మొదటి మాటను మాత్రమే చెప్పుచుందురు.

బీజకణములు ఏర్పడునప్పుడు ప్రకృతి చేయు పని యొకటి చూడదగినది. తల్లి ప్రతి, తండ్రి ప్రతి ప్రక్కప్రక్కన చేరును. అప్పుడు కణము తానే దారమును అక్కడక్కడ త్రెంపును. దినమెల్ల దెబ్బలను మాన్పు కణము ఇక్కడ కోరి దెబ్బ తీయును! తరువాత ఈ ప్రతిలోని ముక్కను ఆ ప్రతితో, దానిని దీనితో అతుకును. అందుచేత మనము బిడ్డకిచ్చునది మన తండ్రి గ్రంథము కాదు, తల్లి గ్రంథమును కాదు. రెంటి యాకులు మార్చికట్టిన క్రొత్త ప్రతి. ఈ మార్పిడి వలన మంచి చెడులు వేరుపడుటకు వీలు కలుగును. కాని ఒకే మాతృకనుండి వచ్చిన రెండు ప్రతుల యాకులు ఎన్నిమార్లు తారుమారు చేసినను చదువునకు క్రొత్త యేమి వచ్చును?

మేనరికము మానినంతనే గండము గడచినదనుకొనుటకును వీలులేదు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమునకు చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్ గారలు, అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ రైక్‌తో కలిసి 25 జనసమూహములకు చెందిన 132 మంది డి.ఎన్.ఏ.ను పరీక్షించి 2009లో ఒక వ్యాసము ప్రకటించిరి. అందులో ఆంధ్రదేశపు వైశ్యుల ప్రస్తావన కలదు. వారి మూలపురుషులు నూరు తరములకు పూర్వము కొద్దిమందియేననియు, నాటినుండి బయటి సంబంధములు లేనట్లే యనియు తేలినది. ఇప్పుడు ఆ సమూహము లక్షల సంఖ్యలో నున్నది. అయినను ఎరుగని రెండు కుటుంబములు వియ్యమందినను అవి దూరపు దాయాదులే. దీని ఫలితము శస్త్రచికిత్స బల్లమీద కనబడుచున్నది. మత్తు ఇచ్చునప్పుడు కండరములను సడలించుటకు సక్సినైల్‌కోలిన్ అను మందు వాడుదురు. సామాన్యులలో రక్తమందలి ఒక ఎంజైము దానిని కొద్ది నిమిషములలో విరిచివేయును. ఆ ఎంజైము జన్యువు రెండు ప్రతులలోను చెడినవారిలో మందు గంటల తరబడి నిలిచి, ఊపిరి కండరములు కదలవు; యంత్రముతో శ్వాస యాడింపవలెను. ఈ లోపము వైశ్యులలో ఇతరులకంటె ఎన్నోరెట్లు అధికము. తెలిసిన వైద్యుడు ముందుగా అడిగి వేరుమందు వాడును. ఒక్క ప్రశ్నతో తీరు ఆపద ఇది. చాందాలో వర్తకము చేయు కోమటి కుటుంబములు తక్కువ లేవు కనుక ఇంతగా వ్రాసితిని.

ఇది వారికి మాత్రమే చెందినదని తక్కినవారు మురియనక్కరలేదు. 2017లో 263 దక్షిణాసియా సమూహములను పరిశీలింపగా వానిలో 81 ఇట్టివేయని తేలినది. అందు 14 పది లక్షలకు మించిన జనసంఖ్య గలవి.

మా విదర్భకు మరియొక ముడి కలదు: సికిల్ సెల్, అనగా కొడవలి కణముల జబ్బు. చాందా, గడ్చిరోలీ జిల్లాలలో దీని నెరుగని వాడలు తక్కువ. రక్తవర్ణకపు జన్యువులో ఒక్క యక్షరము మారుటచే ఎఱ్ఱకణములు కొడవలివలె వంగి, సన్ననాళములలో చిక్కుకొని భరింపరాని నొప్పులు కలిగించును. ఒక ప్రతి చెడినవాడు సామాన్యముగా సుఖముగానే యుండును. రెండును చెడినవాడే రోగి. విచిత్రమేమనగా, గర్భములోనున్నప్పుడు ఈ జబ్బు బాధింపదు. శిశువునకు వేరొక రక్తవర్ణకము కలదు. పుట్టిన కొన్ని నెలలకు ఆ యాకు కట్టివేయబడి, పెద్దవారి యాకు విప్పబడును. హైడ్రాక్సీయూరియా అను మాత్ర ఆ కట్టిన యాకును కొంత వదులుచేయును. 2023 చివర ఇంగ్లండు, అమెరికాలలో అనుమతి పొందిన క్రొత్త చికిత్సలో, ఆకును బిగించి కట్టు జన్యువునకు రక్తమూలకణములలో అడ్డు తగిలింతురు. దాని వెల మనబోంట్లకు అందునది కాదు. మన ప్రభుత్వము 2023 జులై 1వ తేదీన మధ్యప్రదేశములోని షాహడోల్‌లో ఆరంభించిన కార్యక్రమము క్రింద ఏడుకోట్ల మందికి పరీక్ష చేయుట సంకల్పము. పరీక్ష మాత్రము అందరికిని అందుబాటులోనున్నది.

ఇంతవరకు వ్రాసి మా యింటి సంగతి దాచుట న్యాయము కాదు. మా తమ్ముడు పుట్టుచెవుడు. చాందాలో కుట్టుపని చేయును. అతని చేతి రవికకై దూరపు పేటలనుండి వత్తురు. చేతులతోనే మాతో సమస్తమును మాటాడును. మా అక్క మంచిర్యాలలో నున్నది. రెండేండ్ల క్రిందట దసరాకు వచ్చి, అన్నము వడ్డించుచు మెల్లగా కదిపెను.

“నీ బిడ్డను నా కొడుక్కు చేసుకుందామని ఉన్నదిరా తమ్మీ. పైవాళ్ళకిస్తే రెండేండ్లల్ల మరాఠీదైతది.”

“అక్కా, అమ్మ, నాయిన ఏం వరసో నీకు తెలుసు గద. చిన్నోని సంగతి నీ కండ్లతోనే చూసినవు.”

“వాడు మంచిగ లేడా? దేవుడు రాసిన రాత. నువ్వు పులుల కథలు చెప్పి పిల్లనియ్యనంటున్నవు.”

నా కూతురు నీళ్ళచెంబు పట్టుకొని నిలుచుండి వినుచున్నది. “బావ మంచోడే అత్తమ్మా. ముందు ఇద్దరం పరీక్ష చేయించుకుంటం. ఆ తర్వాత మాట్లాడుకుందురు” అనెను. అక్కకు ఆ మాట మింగుడుపడలేదు. అయినను మేనల్లుడు ఒప్పుకొనెను. హైదరాబాదులో పరీక్షించిరి, తమ్ముని రక్తమును కూడ ఇచ్చితిమి. అతని రెండు ప్రతులలోను చెవికి సంబంధించిన కనెక్సిన్ అను జన్యువులో, మన దేశమున తరచుగా కనబడు మార్పే యున్నది: ఒక్క యక్షరము మారి, వాక్యము నడుమ పూర్ణవిరామము పడినట్లు జన్యువు పాఠము అక్కడితో ఆగిపోవును. అదే మార్పు నా కూతురి ఒక ప్రతిలోను, మేనల్లుని ఒక ప్రతిలోను ఉన్నది. వారి కాపురమున పుట్టు ప్రతి బిడ్డకును చెవుడు వచ్చుటకు నాలుగింట ఒక పాలు.

ఆ కాగితము చూచి తమ్ముడు నన్నడిగిన ప్రశ్నకు నేను సిద్ధముగా లేను. తన రొమ్ముమీద చేయివేసి, కాగితము చూపి, చేయి త్రిప్పెను: “నావంటి బిడ్డ పుట్టిన తప్పా?” తప్పు కాదని చెప్పితిని. జన్యువులోనిది తప్పు; నీవు తప్పు కావని చేతులతో చెప్పుట యెంత కష్టమో అప్పుడు తెలిసినది. నా కూతురు అతని ప్రక్కన కూర్చుండి, తనకును అట్టి బిడ్డ పుట్టినచో మాట నేర్పుటకు చిన్నాయన ఉన్నాడని చేతులతో చెప్పెను. అయినను పెండ్లి మాట అక్కడితో ఆగినది. ఆపినవారు పిల్లలిద్దరే, మా పెద్దలము కాము. అక్క మరుసటి యేడు బతుకమ్మకు రాలేదు. ఇప్పుడు ఫోను చేయుచున్నది గాని మునుపటంత సేపు మాటాడదు. లెక్క నిజమైనను, అక్క నష్టమును నిజమే. ఇట్టి నష్టములను విజ్ఞానశాస్త్ర పుస్తకములు వ్రాయవు.

మన సంఘము పెండ్లి సంబంధముల పట్టిక నడుపుచున్నది. అందు గోత్రము, నక్షత్రము, చదువు అను గడులు కలవు. మరియొక గడి చేర్చుదమని నేను ఒక సమావేశమున కదిపితిని. తల్లులు వెంటనే అభ్యంతరము చెప్పిరి: పిల్లకు “లోపము” ఉన్నదని ఊరంతయు తెలిసిన యెడల ఆ పిల్ల గతి యేమి? ఆ భయము అర్థములేనిది కాదు. దానికి మందు న్యూయార్కు యూదులు కనిపెట్టిరి. వారిలో టే-శాక్సు అను శిశుమారక వ్యాధితో నలుగురు బిడ్డలను పోగొట్టుకొన్న యోసెఫ్ ఎక్‌స్టైన్ అను మతగురువు 1983లో దోర్ యెషోరిమ్ అను సంస్థను నెలకొల్పెను. అక్కడ యువతీయువకులు పేరు చెప్పరు; రక్తమిచ్చి ఒక అంకె పుచ్చుకొందురు. ఎవరిలో ఏ దోషమున్నదో వారికిని చెప్పరు. సంబంధము మాటకు వచ్చినప్పుడు రెండు అంకెలు చెప్పి అడిగినచో, ఇది కుదురును, ఇది కుదరదు అని మాత్రము తెలుపుదురు. ఇరువురిలోను ఒకే దోషమున్నప్పుడే కుదరదందురు. కనుక ఏ పిల్ల పేరును చెడదు. మన పట్టికలో నక్షత్రము గడి ప్రక్కన అట్టి అంకెకు చోటు విడుచుట ఎట్లు, రక్తము పరీక్షకు ఎక్కడికి పంపుట, ఖర్చు ఎవరు భరించుట అను మూడు సంగతులు రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చకు రానున్నవి. తల్లులు తప్పక రావలెనని కోరుచున్నాను. క్రిందటిమారు మాటాడిన వారిలో పనికివచ్చు మాట చెప్పినవారు వారే.